డోలు తప్పిన వరస

పోయిన వారం వదినని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? హాలు వెనక గుమ్మంలో రెండు భుజాలకీ వైర్ల చుట్టలు తగిలించుకుని, లోపలికి వెళ్ళాలా, ఇంటికి పోయి తలుపు గడియ పెట్టుకోవాలా అని నిలబడి ఉంది. లోపలికే వెళ్ళింది లెండి. సాయంత్రం కచేరీ పెట్టుకుని ఎక్కడికి పోతుంది పాపం?

మధ్యలో చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. వదిన కంప్యూటర్‌లో వరసలు రాస్తుంది. డోలు ఇలా మోగాలి, గంటలు అలా మోగాలి అని ఒక్కో వాయిద్యానికీ ఒక్కో పంక్తి. మీట నొక్కగానే ఆ పంక్తి వైరు వెంట పోయి వాయిద్యానికి చేరుతుంది. వాయిద్యం దానంతట అదే మోగుతుంది. ఆపమని చెప్పేదాకా ఆ వరసే తిరుగుతూ ఉంటుంది. మోగుతుండగానే పంక్తి మార్చి మళ్ళీ పంపడం, జనం ఎదుటే అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడం, అదీ వాళ్ళ కచేరీ. ఆ వాయిద్యాలన్నీ సొంత చేతులతో చేసింది ఆమె ఆడపడుచు. ఆ పిల్ల వదినా వదినా అని పిలవగా పిలవగా ఆ పిలుపు అందరికీ అంటుకుని, హాలు తుడిచే ఆవిడ దగ్గర్నుంచి మేనేజరు దాకా ఇప్పుడు ఆమె అందరికీ వదినే. ఇక సౌండు చూసేది ఒకరికి మొగుడూ మరొకరికి అన్నయ్యా అయిన మహానుభావుడు. నోట్లో నాలుక లేని మనిషి. ఏ గొడవొచ్చినా ఆయన నోటివెంట వచ్చేది ఒకటే మాట, "నేను సర్దుతాన్లే".

నాలుగు రోజుల కిందట అన్నం దగ్గర ఆడపడుచు బాంబు పేల్చింది. పై ఊళ్ళో వాయిద్యాల ఫ్యాక్టరీ వాళ్ళు ఫోన్ చేసి ఉద్యోగం ఇస్తామన్నారనీ, ఈ కచేరీ కాగానే వెళ్ళిపోతున్నాననీ, తన వాయిద్యాలు తనతోనే వస్తాయనీ చెప్పింది. "మీ ఇంట్లోవాళ్ళు మీ గురించి చాలా గొప్పగా చెప్పారు అన్నారు" అంటూ వదిన వైపు అదోలా చూసింది కూడా. ఆ చూపేమిటో వదినకి అర్థం కాలేదు. మర్నాడు ఎవరో వ్యాను మనిషి ఇంటికి ఫోన్ చేసి, కచేరీ అయిన మర్నాడు పొద్దున్నే వస్తాను, డోలు ఎంత పెద్దదో చెప్పండి అని అడిగితే మాత్రం బాగానే అర్థమైంది. మహాతల్లి చెప్పాపెట్టకుండా వ్యాను కూడా మాట్లాడేసుకుంది! ఆ సంగతి వదిన ఎవరికీ చెప్పలేదు. మింగలేకా కక్కలేకా కడుపులో పెట్టుకుని తిరుగుతోంది.

ఆ వాయిద్యాలు పోతే వదిన రాసేవి ఉత్త అక్షరాలు. ఆ పిల్ల పోతే ఇంట్లో మాట్లాడటానికి మనిషి ఉండదు. రెండోదే ఎక్కువ బాధ అని ఆమెకి తెలుసు, కానీ ఒప్పుకునే స్థితిలో లేదు. ఎందుకంటే ఇంత గొడవకీ కారణం ఆ దిక్కుమాలిన డోలు.

డోలు తాళంలో పడటం లేదు. కొన్ని వారాలుగా ఇదే వరస. ఒకరోజు ఆలస్యంగా పడుతుంది, ఇంకోరోజు తొందరపడి ముందే పడుతుంది. వరసదే తప్పు అని ఆడపడుచు మనసులో, డోలుదే తప్పు అని వదిన మనసులో. మొదట్లో వదిన ఒకసారి, "నీ డోలు కాస్త బద్ధకిస్తున్నట్టుందమ్మా" అని నవ్వుతూనే అన్నది. దానికి ఆ పిల్ల రెండు పూటలు అన్నం మానేసింది. అప్పట్నుంచీ డోలు గురించి ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తరు. నోరెత్తకుండా పళ్ళు నూరుకుంటారు.

ఇప్పుడు హాల్లో మధ్యాహ్నం. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వేదిక మీద ఎడమ పక్క ఇత్తడి గొట్టాలు వేలాడదీసిన చట్రం, వాటినే వీళ్ళు గంటలంటారు. ఒక్కో గొట్టం దగ్గరా వేలెడంత సుత్తి. దాని పక్కన చెక్కపలకల వరస, దానికీ చిన్న చిన్న కర్రలు. కుడిపక్క డోలు. ఇద్దరు మనుషులు చేతులు చాచి పట్టుకోవాల్సినంత పెద్దది. దాని ముందు ఒక చెక్క చెయ్యి, ఆ చేతి చివర గుడ్డ చుట్టిన గుండు, వెనక మోటారూ స్ప్రింగూ. వైరు వెంట కబురు రాగానే ఆ చెయ్యి వెనక్కి లేచి, ముందుకొచ్చి, చర్మం మీద పడుతుంది.

వదిన బల్ల ముందు కూర్చుని గంటలకి ఒక పంక్తి పంపింది. టింగు టింగుమని వరస మొదలైంది. చెక్కలకి ఇంకోటి పంపింది. అవీ కలిశాయి. వదినకి ప్రాణం లేచొచ్చింది. డోలుకి పంపింది.

ధన్.

గంట కంటే ముందే పడింది. కొంచెమే. కానీ చెప్పులో రాయి కూడా కొంచెమే ఉంటుంది కదా.

"ముందే పడింది" అంది ఆడపడుచు డోలు పక్కనుంచి.

"వినపడింది."

"నువ్వే ముందు పంపావు."

"నేను అన్నిటికీ ఒకేసారి పంపాను."

"అయితే నా డోలుకి నువ్వు పంపకముందే తెలిసిపోతుందా, జ్యోతిష్యం చెప్పుకుంటోందా?"

"దాన్ని నన్నడుగుతావేంటి? చేసింది నువ్వు!"

హాలు వెనక సౌండు బల్ల దగ్గరున్న ఆయన చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసి, "అబ్బా, ఎందుకు అరుచుకుంటారు? నేను సర్దుతాన్లే" అన్నాడు.

"నువ్వు సర్దడానికి అది నీ బొత్తాలతో వచ్చే చప్పుడు కాదన్నయ్యా, ఎదురుగా మోగుతున్న డోలు!" అని చెల్లెలు కసిరింది. ఆయన కిమ్మనకుండా హెడ్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు.

మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ ధన్. మళ్ళీ ముందే. ఆడపడుచు మోకాళ్ళ మీద కూర్చుని స్ప్రింగు వైపు చూసింది, చెయ్యి చాపబోయి ఎందుకో వదిన వైపు దొంగచూపు చూసి వెనక్కి తీసుకుంది. వదిన కూడా ఏదో మార్చబోయి ఆగింది. ఇద్దరి మొహాలూ చూస్తే బడిలో కాపీ కొడుతూ దొరికిన పిల్లల్లా ఉన్నాయి. కానీ ఎవరి మొహం వాళ్ళకి కనపడదు కదా, ఎదుటివాళ్ళదే కనపడుతుంది. అది చాలు ఒళ్ళు మండటానికి.

అప్పుడే మేనేజరు వచ్చాడు. అరచేతులు రుద్దుకుంటూ తిరిగే మనిషి. "వదినగారూ, గోడ మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయండీ. వెనక వరసలో వాళ్ళకి ఏం కనపడుతుంది? పెద్దవి చెయ్యండి."

ఆ సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో అయితే వదిన తెర వదినకే కనపడుతుంది. హాల్లో అలా కుదరదు. ఈ రకం కచేరీల పద్ధతే అంత. వాయించేవాళ్ళు టైపు చేసే ప్రతి అక్షరం గోడ మీద పడాలి, దాచుకునేదేమీ ఉండకూడదు. తప్పు టైపు చేసినా, చెరిపి రాసినా, అంతా జనం చూస్తూనే ఉంటారు. సగం మంది వచ్చేది ఆ సంబడం చూడటానికే.

వదినకి అప్పటికే తల వేడెక్కిపోయింది. అక్షరాల సైజు మార్చే పంక్తి ఎక్కడో పైన ఉంటుంది. విసురుగా పైకి, ఇంకా పైకి, ఫైలు మొదలుదాకా వెళ్ళింది. అక్షరాలు పెద్దవి చేసింది. గోడంతా నిండిపోయాయి.

"ఆఁ, ఇప్పుడు బ్రహ్మాండంగా కనపడుతున్నాయి" అన్నాడు మేనేజరు.

కనపడ్డాయి. బ్రహ్మాండంగా కనపడ్డాయి. అన్నిటికంటే పైన, డోలుకి పంపే కబురు మిగతావాటికంటే కాస్త ముందుగా పంపమని ఒక పంక్తి. దాని పక్కనే, రెండు గీతలు పెట్టి వదిన తనకోసం రాసుకున్న ఇంకో ముక్క. అలా రెండు గీతలు పెట్టి రాసింది ఏ వాయిద్యానికీ పోదు, మనుషులు చదువుకోవడానికే. అందులో ఇలా ఉంది: దానికి తెలియనివ్వకు.

వదిన కిందికి పోదామనుకునేలోపు ఆడపడుచు గోడ వైపు తిరిగింది.

"దానికి అంటే డోలుకా, నాకా?"

వదిన హడావిడిగా తెరని కిందికి జరపబోయింది.

"అడుగుతున్నాను వదినా. అన్నిటికీ ఒకేసారి పంపుతున్నానన్నావు. ఇప్పుడేగా అన్నావు, ఇక్కడే కూర్చుని!"

"అది... అది ఎప్పుడో పెట్టింది."

"ఎప్పుడో పెట్టిందా! నా డోలుకి రోగం ఉందని, నాకు తెలియకుండా చాటుగా మందు పెడుతున్నావన్నమాట. చెప్తే నేనేం కొరుకుతానా?"

అంతే, వదిన కుర్చీ వెనక్కి తన్ని లేచింది. "కొరకవూ? ఒక్కమాట అన్నందుకు రెండు పూటలు పస్తున్నావు! మీ అమ్మ నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. నీకు ముక్కు మీద ఉంటుంది కోపం, దాన్ని బుజ్జగించడానికే నాకు సగం రోజు పోతుంది. చెప్తే బాధపడతావు, చెప్పకపోతే డోలు తప్పుతుంది. ఏం చెయ్యమంటావు నన్ను? నీ మనసు కష్టపెట్టకుండా నా తంటాలు నేను పడితే అదీ తప్పేనా?"

"నా మనసు గురించి నీకంత ఉందా? ఉంటే నన్ను సాగనంపడానికి ఇంత తొందరెందుకు నీకు?"

"సాగనంపుతున్నానా నేను? వెళ్ళేది నువ్వు! ముందే అన్నీ మాట్లాడుకుని తయారైంది నువ్వు!"

మేనేజరు అరచేతులు రుద్దడం మానేసి వెనక్కి వెనక్కి జరిగాడు. సౌండు బల్ల దగ్గర ఆయన తల మరీ కిందికి వంచేసి ఏదో వైరు వెతుకుతున్నాడు. పెళ్ళానికీ చెల్లెలికీ మధ్య అడకత్తెరలో పోకచెక్క బతుకు ఆయనది, చూస్తే జాలేస్తుంది. గంటలూ చెక్కలూ డోలూ మాత్రం ఎవరూ ఆపలేదు కాబట్టి మోగుతూనే ఉన్నాయి. ఆ తప్పు వరసే, మళ్ళీ మళ్ళీ. వదినకి ఆ చప్పుడు నెత్తిమీద మొట్టుతున్నట్టే ఉంది. ఇక భరించలేక ఒక్క గుద్దు గుద్ది అన్నీ ఆపేసింది.

ఆడపడుచు గొంతు తగ్గింది.

"ఎప్పుడు పెట్టావు అది?"

"నువ్వు పస్తున్న మర్నాడు."

ఆడపడుచు డోలు వైపు తిరిగి, స్ప్రింగు మీద వేలు పెట్టింది. నేలవైపు చూస్తూ, "నేను ఆ రాత్రే స్ప్రింగు బిగించాను" అంది.

"ఏంటీ?"

"డోలు బద్ధకిస్తోందన్నావుగా. పైకి పోట్లాడాను గానీ, విన్నాను. నిజమే. చెయ్యి పెద్దది, లేచి పడేసరికి ఆలస్యమవుతుంది. నీచేత ఇంకోసారి అనిపించుకోవడం ఇష్టంలేక స్ప్రింగు బిగించి, గుండు చర్మానికి దగ్గరగా జరిపాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు నాకు చెప్పావా?"

వదిన మళ్ళీ కుర్చీలో కూలబడింది. అంటే ఏమైనట్టు? ఈమె ముందు పంపింది, ఆమె తొందరపెట్టింది, రెండూ కలిసి డోలు ముందు పడింది. ముందు పడిందని ఈమె తన పంక్తిలో ఎంత ముందు పంపాలో చెప్పే అంకె తగ్గించింది, అదే రోజు ఆమె తన స్ప్రింగు వదులు చేసింది, డోలు వెనకబడింది. వెనకబడిందని మళ్ళీ ఇద్దరూ ఎవరికి వాళ్ళు చాటుగా పెంచారు. ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు మర్యాదస్తులు ఒకేవైపుకి తప్పుకుంటూ తప్పుకుంటూ ఎవరూ ముందుకు పోలేనట్టు, వారాల తరబడి ఇదే పని. దీనికోసం అన్నాలు మానుకోవడాలు, మొహాలు గంటు పెట్టుకోవడాలు! వదినకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చి, ఏదీ సరిగ్గా బయటికి రాక వెక్కిళ్ళు పట్టుకున్నాయి.

"నవ్వకు" అంది ఆడపడుచు. ఆమె మూతి కూడా వణుకుతోంది. "నాకింకా కోపంగానే ఉంది."

"నాకు మాత్రం లేదా? ముందు ఆ స్ప్రింగు వదులు చెయ్యి. మొదట ఎలా ఉండేదో అలా. నేనూ నాది తీసేస్తాను. నీ కళ్ళముందే" అంటూ వదిన గోడ మీద అందరికీ కనపడేలా ఆ పంక్తిని ఒక్కో అక్షరం చెరిపేసింది. రెండు గీతల ముక్క కూడా.

మళ్ళీ వరస పంపింది. ఈసారి డోలు తన సహజమైన బరువుతో, తన తీరుబడితో, ఆలస్యంగా పడింది. చప్పుడు మాత్రం ఎంత బాగుందని! తొందరపెట్టిన ఇన్ని వారాల్లో ఆ గుండెలదిరే లోతు ఎటుపోయిందో ఇద్దరికీ ఇప్పుడు తెలిసింది. కానీ ఆలస్యం ఆలస్యమే. వదినకి మళ్ళీ నీరసం వచ్చింది. కుర్చీలు సర్దడం మొదలైంది, ఇంకాసేపట్లో తలుపులు తీస్తారు, ఇక్కడేమో మొదటికే వచ్చారు.

"మా అమ్మ మెట్లెక్కేటప్పుడు మనం ఏం చేస్తాం వదినా?" అంది ఉన్నట్టుండి ఆడపడుచు.

"మీ అమ్మ సంగతి ఇప్పుడెందుకు?"

"చెప్పు. మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతుంటే వెనకనుంచి తోస్తామా?"

"తోస్తే ఇంకేమైనా ఉందా! ఆవిడతో పాటే మనమూ మెల్లగా..." వదిన ఆగిపోయింది.

డోలుని తొందరపెట్టడం కాదు. మిగతావే ఆగాలి. ఇంత చిన్న విషయం ఇన్నాళ్ళూ తట్టలేదంటే, ఇద్దరి కళ్ళూ డోలు మీదే ఉన్నాయి కాబట్టి. దాని తప్పు దిద్దడంలో పడి, గంటలవైపు ఎవరూ చూడలేదు. వదిన గబగబా టైపు చేసింది. గంటలకి ఇంత ఆలస్యం. చెక్కలకి ఇంత. డోలుకి ఏమీ లేదు. మీట నొక్కింది.

గంటా, చెక్కా, డోలూ ఒక్క గొంతుతో పలికాయి. ఇంకోసారి వచ్చాయి, మళ్ళీ ఒక్క గొంతే. కుర్చీలు సర్దుతున్నవాళ్ళు చేతిలో కుర్చీలతో అలాగే నిలబడి తలలూపారు. ఆడపడుచు డోలు చట్రాన్ని పట్టుకుని, దాని చెక్కకి నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది. వదినకి లేచి వెళ్ళి ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించింది. కానీ రేపు పొద్దున్నే వ్యాను వస్తుందన్నది గుర్తొచ్చి మీటల ముందే కూర్చుంది. డోలు బాగుపడింది. తమ కోసం మాత్రం కాదు. ఈ చక్కని చప్పుడంతా రేపు ఏ ఫ్యాక్టరీకో పోతుంది.

"తలుపులు తీస్తున్నామండీ!" అని కేక వేశాడు మేనేజరు.

హాలు నిండింది. కచేరీ మొదలైంది. వదిన వేళ్ళు పరుగెత్తుతున్నాయి, గోడ మీద పంక్తులు పుడుతున్నాయి, మారుతున్నాయి, ఒకటి తప్పు టైపు చేసి చెరుపుకుంటే జనం చప్పట్లు కొట్టారు. డోలు ఒక్క దెబ్బ తప్పలేదు. చట్రాల మధ్య తిరుగుతూ, వేడెక్కిన సుత్తిని పట్టి చూస్తూ, వదులైన మరని బిగిస్తూ ఉన్న ఆడపడుచు ఉన్నట్టుండి వదిన పక్కకి వచ్చింది. ఆ చప్పుడులో చెవిలో అరిచినా వినపడదు. వంగి, ఒంటివేలితో కంప్యూటర్‌లో టైపు చేసింది. రెండు గీతలు పెట్టి మరీ.

వదినా, ఉండిపోనా?

గోడ మీద అంత పెద్ద అక్షరాల్లో అది చూసి జనం గొల్లున నవ్వారు. కచేరీలో భాగమే అనుకున్నారు. వదినకి ఉండిపో అని రాయాలనుంది. కానీ ఇన్ని రోజులు కడుపులో దాచుకున్నదే ముందు వేళ్ళకి వచ్చింది.

మరి నువ్వు మాట్లాడుకున్న వ్యాను?

ఆడపడుచు మొహం చిట్లించి, మళ్ళీ వంగింది.

ఏ వ్యాను? నేనెవరితోనూ మాట్లాడలేదే.

వదిన ఆమె మొహంలోకి చూసింది. ఆ పిల్లకి కోపం దాచుకోవడం రాదు, అబద్ధం అంతకంటే రాదు. ఆడపడుచు ఇంకా టైపు చేస్తూనే ఉంది, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ.

ఫ్యాక్టరీకి నా పేరు చెప్పి నన్ను పంపించాలని చూసింది నువ్వేగా?

జనం మళ్ళీ నవ్వారు. ఎవరో ఈల వేశారు. వదిన అడ్డంగా తలూపింది. నేను కాదు. నేను కాదే పిచ్చిదానా. అన్నం దగ్గర చూసిన ఆ చూపు ఇప్పుడు అర్థమైంది. పాపం, ఈ పిల్ల కూడా తనలాగే నాలుగు రోజులుగా ఒక రాయిని కడుపులో మోస్తోంది. ఆమె వ్యాను మాట్లాడలేదు. తను పేరు చెప్పలేదు. "మీ ఇంట్లోవాళ్ళు చెప్పారు" అని ఫ్యాక్టరీవాళ్ళు అన్నారట. కూతురు రెండు పూటలు పస్తుంటేనే ఓర్చుకోలేని అత్తగారు, ఆ పిల్లని పై ఊరు పంపడానికి ఫోన్లు చెయ్యదు. ఇంక ఆ ఇంట్లో మిగిలిందెవరు?

నేను సర్దుతాన్లే.

ఆ మాట చెవిలో పలికినట్టే అయింది. ఇద్దరూ ఒక్కసారే తలెత్తి జనం తలల మీదుగా హాలు చివరికి చూశారు. అక్కడ సౌండు బల్ల మీద చిన్న దీపం వెలుగుతోంది. హాలంతా గోడ వైపు చూసి పగలబడి నవ్వుతోంది.

ఒక్క ఆయన మాత్రం గోడ వైపు చూడటం లేదు.